బాల్కనీ ప్యానెలు, గోడ ప్లగ్గు: అద్దె ఇళ్లవాళ్లకి సోలార్ రూలు కావాలి

ఈమధ్య వైరింగు పనికి ఏ ఇంటికెళ్లినా ఫోను తీసి ఒక వీడియో చూపిస్తున్నారు. ఏదో దేశంలో ఒక బాల్కనీ. గ్రిల్లుకి సోలార్ ప్యానెలు బిగించి ఉంటుంది. దాని వెనక టిఫిను డబ్బా అంత పెట్టె, అందులోంచి ఒక వైరు, వైరు చివర మామూలు ప్లగ్గు. ఆ ప్లగ్గు తీసి గోడకున్న సాకెట్లో పెడతాడు. అయిపోయింది, ఇంట్లోకి సోలార్ కరెంటు వచ్చేసినట్టే. "బాబూ, మనకీ ఇలాటిది ఎట్టీగలవేటి?" అని అడుగుతారు. అడిగిన ప్రతివాళ్లకీ నిలబడి చెప్పే తీరిక ఉండట్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను విజయనగరంలో హౌస్ వైరింగు చేస్తాను. ఇటు గరివిడి, చీపురుపల్లి, అటు రాజాం దాకా పనులకి వెళ్తుంటాను. మేడల మీద సోలార్ పెట్టేవాళ్లతో కలిసి ఎర్తింగు, మెయిన్ బోర్డు పనులు కూడా చేశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పరికరం మంచిది. సొంత మేడ లేనివాళ్లకి ఇంతకన్నా పనికొచ్చే సోలార్ ఇంకోటి లేదు. కానీ ఇవాళ మన ఇళ్లలో ఉన్న మీటర్లకి, మన వైరింగుకి, మన ఇన్వర్టర్లకి దాన్ని తిన్నగా తగిలించకూడదు. తగిలించుకునే వీలు కల్పించాల్సింది రూలు. ఆ రూలు మన దగ్గర లేదు, రావాలి.

అది పనిచేసే పద్ధతి కష్టమైందేమీ కాదు. ప్యానెల్లో పుట్టేది డీసీ, అంటే బ్యాటరీలో ఉండేలాంటి కరెంటు. వెనకున్న పెట్టె, మైక్రో ఇన్వర్టరు అంటారు, దాన్ని 230 వోల్టుల ఏసీగా, అంటే ఇంట్లో వాడే మామూలు కరెంటుగా మార్చి, బయటినుంచి వచ్చే లైనుతో తాళం కలిపి ఇంటి వైరింగులోకి వదులుతుంది. ఆ క్షణాన ఫ్యాను తిరుగుతుంటే ఫ్యానుకి, ఫ్రిజ్జు ఆడుతుంటే ఫ్రిజ్జుకి ఆ కరెంటే ముందు పోతుంది. చాలనిది మీటరు ద్వారా వస్తుంది. మిగిలితే మీటరు దాటి వీధి లైనులోకి పోతుంది.

లైను పోతే ఈ పెట్టె కూడా ఆగిపోవాలి. చాలామంది దీన్ని కరెంటు కోతలకి మందు అనుకుంటున్నారు. కాదు. కోత పడితే మిట్ట మధ్యాహ్నం ఎండలో కూడా అది ఒక్క వాట్టు ఇవ్వదు, ఇవ్వకూడదు. ఎందుకంటే ఇంట్లోంచి బయటికి పోయిన 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరకి వెళ్తే అది తిరగబడి పనిచేస్తుంది, అవతల పక్క 11 వేల వోల్టులు పుడతాయి. లైను చచ్చిపోయిందనుకుని స్తంభం ఎక్కిన మనిషి చేతికి అది తగులుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి పలాస, ఉద్దానం వైపు ఊళ్లకి ఊళ్లే చీకటైపోయినప్పుడు, జనరేటర్లు ఉన్న ఇళ్లవాళ్లకి లైన్‌మన్లు చెప్పిన మొదటి మాట ఇదే: మెయిన్ దించి ఆడించండి. సోలార్ పెట్టెకి ఆ మెయిన్ దించే పని దానంతట అదే చేసుకునే గుణం ఉండాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో తెచ్చిన నిబంధనల్లో లైనుకి కలిపే ఏ చిన్న ప్లాంటుకైనా ఇది తప్పనిసరి చేశారు. ఆన్‌లైన్లో దొరికే చవక పెట్టెల్లో అది నిజంగా ఉందో లేదో పైకి చూసి నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. పరీక్ష చేసి ముద్ర వేసినవాడే చెప్పాలి.

ఇప్పుడు మా ఊళ్లోనే తోటపాలెంలో ఒక ఇంటి సంగతి. వాళ్లబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. ఆన్‌లైన్లో ఒక పెద్ద ప్యానెలు, ప్లగ్గు ఉన్న ఇన్వర్టరు తెప్పించి, పండక్కి వచ్చినప్పుడు పిట్టగోడ పక్కన నిలబెట్టి వరండా సాకెట్లో పెట్టేసి వెళ్లాడు. తర్వాత నెల కరెంటు బిల్లు తగ్గాల్సింది, పెరిగింది. ఆ పై నెల కూడా అంతే. మాస్టారు, అంటే వాళ్ల నాన్నగారు, రిటైరైన లెక్కల టీచరు. బిల్లులన్నీ వరసగా పిన్ను కొట్టి నా ముందు పెట్టారు. "ఎండాకాలం కాదు, ఏసీ లేదు, మనుషులం ఇద్దరం. ఇదెలా పెరిగిందో నువ్వే చెప్పు నాయినా" అన్నారు.

వెళ్లేసరికి పదకొండు దాటింది, ఎండ బాగా కాస్తోంది. ఇంట్లో ఫ్రిజ్జు తీయించాను, ఫ్యాన్లు, మోటారు, టీవీ స్టెబిలైజరు అన్నీ ఆపించాను. ఒక్క వస్తువూ ఆడట్లేదు. మీటరు మీద, వాడకం రాసుకునేటప్పుడు కొట్టుకునే ఎర్ర దీపం మాత్రం టిక్కు టిక్కుమని కొట్టుకుంటూనే ఉంది. పక్కన రివర్స్ అని ఉండే చిన్న దీపం కూడా వెలిగింది. సర్వీసు వైరు ఫేజుకి, పారే కరెంటుని కొలిచే క్లాంప్ మీటరు పట్టుకుంటే 1.8 ఆంపియర్లు, అంటే నాలుగు వందల వాట్ల పైమాట. వరండాలో ఆ ప్లగ్గు పీకించాను. దీపం ఆగిపోయింది. మళ్లీ పెట్టించాను. పెట్టె లైనుని చూసుకోవడానికి కాసేపు తీసుకుని మొదలవగానే దీపం మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని మీటరుకి మొహం ఆనించి చూశారు.

జరిగేదేంటంటే, మన ఇళ్లలో ఉన్న మామూలు ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావాటికి కరెంటు లోపలికి వచ్చిందా, బయటికి పోయిందా అన్న తేడా లెక్కలో ఉండదు. ఎటు పారినా వాడకం కిందే రాసుకుంటాయి. వైర్లు తిప్పి కట్టి మీటరుని వెనక్కి తిప్పే దొంగతనాలు జరక్కుండా అలా తయారుచేశారు. మాస్టారి ఇంట్లో పగలు వాడకం నూట యాభై వాట్లు అనుకోండి. ప్యానెలు ఇచ్చేది నాలుగు వందల పది. మిగిలిన రెండు వందల అరవై బయటికి పోతుంది. ప్యానెలు లేనప్పుడు మీటరు నూట యాభై రాసుకునేది, ఇప్పుడు రెండు వందల అరవై రాసుకుంటోంది. తన కరెంటు వీధికిచ్చి, దానికి తానే డబ్బు కట్టారు. లెక్క అర్థమయ్యాక ఆయన ఏమీ అనలేదు. ఆ ప్లగ్గు తీసి, వైరు చుట్టి, మేకుకి తగిలించారు.

మరి వీడియోల్లో ఉన్న దేశాల్లో ఎలా నడుస్తోంది? అక్కడ పరికరం ఒక్కటే రాలేదు, దానితోపాటు చట్టం వచ్చింది. జర్మనీలో 2023 జనవరి 1 నుంచి ఈ సామాను మీద పన్ను సున్నా చేశారు. 2024 మేలో ఇన్వర్టరు పరిమితిని 600 నుంచి 800 వాట్లకి పెంచారు, ప్యానెళ్లు 2,000 వాట్ల దాకా పెట్టుకోవచ్చన్నారు. కరెంటు కంపెనీని అనుమతి అడగక్కర్లేదు, ప్రభుత్వ వెబ్‌సైటులో వివరాలు నమోదు చేస్తే చాలు. పాత మీటరు వెనక్కి తిరిగినా, కొత్త మీటరు పెట్టేదాకా ఊరుకుంటారు. అన్నిటికన్నా నాకు నచ్చింది అదే ఏడాది అక్టోబరులో వచ్చిన మార్పు: అద్దెకున్నవాళ్లు బాల్కనీలో పెట్టుకుంటామంటే సరైన కారణం లేకుండా ఇంటి ఓనరు కాదనడానికి లేదు. 2025లో అక్కడ నమోదైనవి పది లక్షలు దాటాయి.

అమెరికాలో యూటా రాష్ట్రం 2025 మార్చిలో మొదట దారి తీసింది. హెచ్‌బీ 340 అని చిన్న చట్టం. రేమండ్ వార్డ్ అనే శాసనసభ్యుడు, వృత్తిరీత్యా డాక్టరు, ఆ బిల్లు పెట్టాడు. మామూలు సాకెట్లో పెట్టుకునే 1,200 వాట్ల లోపు పరికరానికి కరెంటు కంపెనీతో ఒప్పందం అక్కర్లేదు, కంపెనీ ఫీజు అడగడానికి లేదు. దానికి బదులు ముఖ్యమైన షరతులు రెండు. పరికరం గుర్తింపు పొందిన భద్రతా పరీక్ష నెగ్గి ఉండాలి, లైను పోగానే ఆగిపోవాలి. బయటికి పోయిన కరెంటుకి పైసా రాదు. ప్రోత్సాహం అంటూ ఆ చట్టంలో డబ్బేమీ లేదు. ఇళ్ల సోలార్‌కి అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ముప్ఫై శాతం పన్ను రాయితీ కూడా 2025తో ఆగిపోయింది. అయినా ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో ఇలాంటి బిల్లులు పెట్టారు. సామాన్యుడికి కావాల్సింది ముందు దారి, డబ్బు తర్వాత.

మన దగ్గర డబ్బుంది, దారే లేదు. మేడల మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకి 30,000, మూడో కిలోవాటుకి 18,000, మొత్తం మీద గరిష్ఠం 78,000 రూపాయలు సబ్సిడీ. పది కిలోవాట్ల దాకా లైను తట్టుకుంటుందా లేదా అన్న సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ముందుకెళ్తుంది. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్ల మీద రెండు కిలోవాట్లు ఉచితంగా పెట్టే కార్యక్రమం ఉంది. బీసీలకి రెండు కిలోవాట్ల దాకా రాష్ట్రం వాటాగా ఇంకో 20,000 ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామాను మీద జీఎస్టీ పన్నెండు నుంచి ఐదు శాతానికి దిగింది. ఇవన్నీ మంచివే. నేను పనిచేసిన మేడల్లో బిల్లులు కళ్లముందే తగ్గాయి. కానీ వీటికి సొంత ఇల్లుండాలి, పైకప్పు మీద హక్కుండాలి, కనెక్షను ఆ పేరు మీదే ఉండాలి. కిలోవాటుకి వంద చదరపు అడుగుల మేడ కావాలి.

మా ఊళ్లో మూడు లాంతర్ల జంక్షను దగ్గర ఒక మేడలో రెండో అంతస్తు వాటాలో బట్టలు కుట్టే అక్క ఉంది. కుట్టు మిషనుకి మోటారు, ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు. నెలకి నూట యాభై యూనిట్లు కాలుతుంది. మేడ ఓనరుది, మీటరు ఓనరు పేరున ఉంది, బిల్లు అక్క కడుతుంది. మేడ మీద ఓనరు నీళ్ల ట్యాంకులు, బట్టల తీగలు. "తమ్ముడూ, గవర్నమెంటోళ్లు అందరికీ సోలార్ ఇత్తన్నారంట గదా, మనకేటి లేదా?" అని అడిగింది. ఆమె వాటాకి దక్షిణం వైపు బాల్కనీ ఉంది. పగలంతా మోటారు ఆడుతుంది. సోలార్ పుట్టిన గంటల్లోనే కరెంటు వాడే ఇల్లు అది. రూలు ఉంటే మొదట బాగుపడేది ఇలాంటి వాటానే.

ఆమెకి ఎంత మిగిలేదో లెక్క వేశాను. 400 వాట్ల ప్యానెలు మేడ మీదైతే నెలకి నలభై పైన యూనిట్లిస్తుంది. బాల్కనీలో నీడ, వంపు పోగా, ఇంట్లో వాడుకోగలిగేది ముప్ఫై అనుకుందాం. మన టారిఫ్‌లో 126 యూనిట్ల నుంచి 225 దాకా యూనిటు ఆరు రూపాయలు, 76 నుంచి 125 దాకా నాలుగున్నర. తగ్గే యూనిట్లు పై శ్లాబులోంచే తగ్గుతాయి. ఇరవై ఐదు యూనిట్లు ఆరు చొప్పున, ఐదు యూనిట్లు నాలుగున్నర చొప్పున, నెలకి 172 రూపాయల 50 పైసలు. ఏడాదికి రెండు వేల పైన. ఆమెకి అది చిన్న మొత్తం కాదు. నెలకి డెబ్బై ఐదు యూనిట్ల లోపు కాల్చే ఇళ్లకి మాత్రం దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, వాళ్లు కట్టేదే యూనిటుకి మూడు రూపాయల లోపు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి రెండు వందల యూనిట్ల ఉచితం ఎలాగూ ఉంది. 225 దాటి ఎనిమిది ముప్పావు కట్టే అద్దె ఇళ్లకైతే ఇంకా ఎక్కువ మిగులుతుంది.

కిలోవాటుకి 30,000 అన్న లెక్కనే తీసుకుంటే నాలుగు వందల వాట్లకి 12,000 రావాలి. మేడ ఉన్నవాళ్లకి ఇచ్చే దామాషాలోనే బాల్కనీ ఉన్నవాళ్లకీ ఇమ్మని అడగడం అన్యాయం కాదు.

అయితే జర్మనీ రూలు ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే మనకి సరిపోదు. ఇది వైరింగు చేసేవాడిగా చెప్తున్నాను.

ఒకటి సూర్యుడి సంగతి. వాళ్ల దేశంలో సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపు వాలే ఉంటాడు, ప్యానెల్ని గ్రిల్లుకి నిలువుగా ఆనించినా ఎండ మొహం మీద పడుతుంది. మనది 18 డిగ్రీల అక్షాంశం. మే మధ్య నుంచి జులై ఆఖరిదాకా మిట్ట మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరానికి జరుగుతాడు. దక్షిణపు బాల్కనీలో నిలువుగా కట్టిన ప్యానెలుకి అప్పుడు నేరుగా ఎండ తగలదు. ఎండ పట్టాలంటే కిందివైపుని బయటికి తోసి వాల్చి పెట్టాలి. వాలిస్తే గాలి పడుతుంది. ఇరవై కిలోల పైన బరువు, రెండు చదరపు మీటర్లకి దగ్గరగా ఉండే పలక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకి 170 కిలోమీటర్లు దాటిన గాలితో వచ్చినప్పుడు ఈ ఊళ్లో రేకులు ఎలా ఎగిరాయో చూసినవాళ్లు గ్రిల్లుకి బైండింగు వైరుతో ప్యానెలు కట్టరు. కోస్తా జిల్లాలకి బిగింపు ఎలా ఉండాలో రూల్లోనే రాయాలి. తుఫాను హెచ్చరిక రాగానే నాలుగు బోల్టులు తీసి లోపల పెట్టుకునేలా ఉంటే ఇంకా మంచిది.

రెండోది వైరు. ఒక బోదెలోకి రెండు కాలవల నీళ్లు వదిలితే గట్టు తెగుతుంది, వైరూ అంతే. పది ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్చు, అటువైపు నుంచి వచ్చే పది ఆంపియర్లనే చూస్తుంది. ఇటు సాకెట్లోంచి సోలార్ ఇంకో మూడున్నర తోస్తే, మధ్యలో వైరు మీద పదమూడున్నర నడుస్తుంది, ఎంసీబీకి ఆ సంగతి తెలియదు, పడదు. మంచి 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరైతే ఓర్చుకుంటుంది. మన పాత ఇళ్లలో 1 స్క్వేర్ వైర్లున్నాయి, కోట చుట్టుపక్కల వీధుల్లో చెక్క పట్టీల మీద అల్యూమినియం వైర్లు ఇంకా కనిపిస్తాయి. ఎర్తు లేని మూడు పిన్నుల సాకెట్లయితే లెక్కే లేదు. మనకి కలిసొచ్చేది 230 వోల్టులు. యూటాలో 120 వోల్టుల సాకెట్లోకి 1,200 వాట్లంటే పది ఆంపియర్లు. మన దగ్గర 800 వాట్లకి మూడున్నర, 400 వాట్లకి రెండు కూడా ఉండదు. కాబట్టి 800 పరిమితి పెట్టి, మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక వైరు, దానికో చిన్న ఎంసీబీ, షాకు కొట్టకుండా ఆర్‌సీసీబీ, నిజమైన ఎర్తు అని రాస్తే చాలు. అది నాలాంటివాడికి ఒక పూట పని.

మూడోది ఆ దేశాల రూల్లో ఎక్కడా కనపడదు, ఎందుకంటే వాళ్లకి ఈ బాధ లేదు. మన దగ్గర చాలా ఇళ్లలో బ్యాటరీ ఇన్వర్టరు ఉంది. ఈ సోలార్ ప్లగ్గుని పొరపాటున ఇన్వర్టరు లైనులో ఉన్న సాకెట్లో పెట్టారనుకోండి. కరెంటు పోగానే ఇన్వర్టరు అందుకుంటుంది. వీధి లైనులాంటి కరెంటే ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టరైతే సోలార్ పెట్టె దాన్నే వీధి లైను అనుకుని ఆగకుండా కరెంటు తోస్తుంది. ఆ కరెంటు పోవడానికి దారి లేక ఇన్వర్టరు లోపలికే ఎదురెళ్తుంది. ఇన్వర్టరు కాలిపోవచ్చు, బ్యాటరీకి ముప్పు. ఎవరైనా ఇప్పటికే ఇలా పెట్టి ఉంటే, ఇది చదివాక ముందు లేచి ఆ ప్లగ్గు తీయండి.

మీటరు సంగతి తోటపాలెంలో చూశాం. రెండు వైపులా విడిగా లెక్క రాసుకునే మీటరు లేకుండా ఈ పరికరానికి అనుమతి ఇవ్వకూడదు. స్మార్ట్ మీటర్లకి ఆ శక్తి ఉంది, సెట్టింగు చేయాలి. చిన్న పరికరానికి ఇలాంటి రెండు వైపుల మీటరు (నెట్ మీటరు) ఖర్చు వేస్తే ఆ ఖర్చే ప్యానెలు ఖర్చులో పెద్ద భాగం అవుతుంది. ఆ భారం వినియోగదారుడి మీద వేయకపోవడమే అసలైన ప్రోత్సాహం అని నా ఉద్దేశం.

అప్పటిదాకా ఏం చేయాలి? లైనుకి కలపకుండా సోలార్ వాడుకునే దారి ఇవాళ కూడా ఉంది. ఇంట్లో బ్యాటరీ ఉంటే, ఇన్వర్టరు మార్చే సమయం వచ్చినప్పుడు సోలార్ ఇన్వర్టరు తీసుకోండి. ప్యానెలు దానికే కలుస్తుంది. పగలు ముందు ఎండ నుంచి, చాలకపోతే లైను నుంచి తీసుకుంటుంది, బయటికి ఏమీ పంపదు. మీటరు తికమక లేదు, కరెంటాఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, పైగా కోతలప్పుడు కూడా పనిచేస్తుంది. ఇల్లు మారితే విప్పి పట్టుకెళ్లొచ్చు. బ్యాటరీ ఖర్చు ఉంటుంది, అది నిజం. మూడు లాంతర్ల అక్కకి అదే చెప్పాను. ఆమె దగ్గరున్న పాత బ్యాటరీ ఇంకో ఏడాది వస్తుంది, అది పోయాక చూద్దామంది. మాస్టారి ప్యానెలుకి కూడా ఇదే దారి. ఆయనకి సొంత మేడ కూడా ఉంది కాబట్టి, విడిగా సూర్యఘర్‌కి దరఖాస్తు పెట్టమన్నాను. దానికి మన దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లే పెట్టాలి, ఆన్‌లైన్లో కొన్నది పనికిరాదు.

ఏటా కొత్త టారిఫ్ ఖరారు చేసే ముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి జనం అభిప్రాయాలు అడిగి బహిరంగ విచారణ పెడుతుంది. వెళ్లి మాట్లాడొచ్చు, కాగితం మీద రాసి కూడా పంపొచ్చు. నేను నా ఉత్తరం రాసి ఉంచాను: 800 వాట్ల లోపు పరికరానికి అనుమతి బదులు నమోదు చాలని, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర తప్పనిసరని, రెండు వైపుల మీటరు ఉచితంగా ఇవ్వాలని, అద్దెకున్నవాళ్లు తమ పేరుతోనే నమోదు చేసుకోనివ్వాలని, ఇన్వర్టరు లైనుకి కలపకూడదని, తుఫాను జిల్లాలకి బిగింపు కొలతలు రాయాలని. ఒక ఎలక్ట్రీషియను రాస్తే ఒక ఉత్తరమే. వాటాల్లో ఉంటున్నవాళ్లు మీ మాటల్లో, తెలుగులోనే రాసి పంపండి. నెలకి ఎన్ని యూనిట్లు కాలుస్తున్నారు, బాల్కనీ ఏ దిక్కుకి ఉంది, మీటరు ఎవరి పేరున ఉంది, ఈ మూడూ అందులో తప్పకుండా రాయండి.